వేసినవాళ్ళే తియ్యాలి

మట్టి వేయడం అయిపోయింది. క్రైస్తవుల సమాధుల దొడ్డి బయట కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే పాలెం కాపు నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆయనా చేతులు కడుక్కున్నాడు. కుళాయి కట్టేశాడు. మళ్ళీ తిప్పి మళ్ళీ కడుక్కున్నాడు.

“సారూ, మీరు పుస్తకాల మధ్యన బతికినోళ్ళు. ఒకటి అడగతా, చెప్పండి” అన్నాడు. “దురాయి వేసిన మనిషి చచ్చిపోతే ఆ దురాయి పొయినట్టా, ఉన్నట్టా?”

నెల్లూరు తీరం తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. ఈ పాలేల్లో కాపు అంటే కులం కాదు, ఊరి పెద్ద. దురాయి అంటే అడ్డం. ఫలానా పని జరగడానికి వీల్లేదని గంగమ్మ పేరు మీద మూడుసార్లు చెప్పి ఆపేస్తారు. వేటకు పోకూడదని దురాయి పడితే ఒడ్డున ఉన్న పడవ ఒడ్డునే ఉంటుంది. పోలీసు మాట దాటినవాళ్ళను చూశాను గాని దురాయి దాటినవాళ్ళను నేను చూడలేదు. వేసినవాళ్ళే దాన్ని తియ్యాలి. తీసేదాకా అది ఉంటుంది. ఈ కాలంలో కాపులు తప్ప ఇంకెవరూ దురాయి వెయ్యరు.

ఆమె వేసింది. మేము ఇప్పుడే మట్టి వేసి వచ్చింది ఆమె మీదే.

ఆమె పేరు రాయడం లేదు. దురాయి కబురు విని పేపరువాళ్ళు వచ్చినప్పుడే ఆ సంగతి ఆమె తేల్చేసింది. “చేప ఫొటో వేసుకోండి. నా మొహం ఎందుకు? వారం తిరిగేసరికి ఆ కాగితంలోనే ఎండుచేపలు కట్టాల్సింది నేనే గదా” అన్నది.

ఎండుచేపలు అమ్మేది. భర్త ఎప్పుడో పోయాడు. జువ్వలదిన్నెకు దగ్గరలోనే ఒక చిన్న పాలెం వాళ్ళది. చేపలు చీల్చి, ఉప్పు పట్టించి, ఇసుక మీద వల పరిచి ఎండబెట్టి, గంపకెత్తుకొని షేర్ ఆటోలో మా ఊరికి వచ్చేది. నేను అక్కడి శాఖా గ్రంథాలయంలో ఉద్యోగం చేశాను. పాత పేపర్లు తూకానికి వేసేటప్పుడు ఆమె వచ్చి కొనుక్కొనేది, చేపలు కట్టడానికి. అట్లా పరిచయం.

మొదట నేను గమనించని సంగతి ఒకటుంది. ఆమె ఏ కాగితాన్నీ చదవకుండా చేప కట్టేది కాదు. బజారులో కొనేవాళ్ళు ఎదురుగా నిలబడి తొందర పెడుతున్నా, కాగితం తీసి, ఆ చివరి నుంచి ఈ చివరిదాకా వేలు పెట్టి చదివి, అప్పుడు చేప పెట్టి మడిచేది. కొందరు విసుక్కొనేవాళ్ళు. “చదివిందాకా అది కాగితం. చదివినాక పొట్లం. ఆగు సామీ” అనేది. చనిపోయినవాళ్ళ ఫొటోలున్న పేజీని మాత్రం విడిగా తీసి పెట్టేది. “ఆ మొహాల్లో చేప కట్టకూడదు. ఇంట్లోవోళ్ళు చూస్తే?” అనేది.

చదువు బడిలో రాలేదు. చర్చిలో వచ్చింది. పెళ్ళయిన తర్వాత పాటల పుస్తకం పట్టుకొని పక్కవాళ్ళ నోరు చూస్తూ అక్షరాలు గుర్తు పట్టిందట. అందుకేనేమో, ఏది చదివినా పైకే చదివేది, కాస్త రాగంగా. మందుచీటీ అయినా, కరెంటు బిల్లు వెనక సన్నక్షరాలైనా అంతే. సగం చదివి మాట్లాడేవాళ్ళంటే ఆమెకు గిట్టదు. “మొత్తం చదివి మాట్లాడండి. సగం చదివి మాట్లాడబాకండి” అనేది. ఈ మాట పాస్టరుగారికి చెప్పింది, కాపుకు చెప్పింది, నాకూ ఒకసారి చెప్పింది.

ఒక వేసవిలో ఆమె గంప బయట పెట్టి, లోపలికి వచ్చి, ఫ్యాను కింద కుర్చీలో కూర్చొని పేపరు చదువుతోంది. రోజూ వచ్చే రిటైరైన పెద్దమనిషి ఒకాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. “ఈ కంపేందయ్యా? ఆమెను బయటకు పొమ్మను” అన్నాడు. నేను నీళ్ళు నమిలాను. ఆమె వినింది. లేచి గోడ దగ్గరకు పోయి, అక్కడ తగిలించిన నిబంధనల బోర్డు మీద వేలు పెట్టి, ఒకటో నంబరు నుంచి చివరిదాకా, ఈసారి రాగం లేకుండా, గట్టిగా చదివింది. నిశ్శబ్దం పాటించాలనే నిబంధన కూడా గట్టిగానే చదివింది.

“ఉమ్మెయ్యకూడదని ఉంది, ఉమ్మెయ్యలేదు. పేజీలు చింపకూడదని ఉంది, చింపలేదు. వాసన సంగతి దీంట్లో లేదు సార్. ఉంటే చూపించండి, పోతాను.”

ఎవరూ చూపించలేదు. ఆమె మళ్ళీ వచ్చి ఫ్యాను కింద కూర్చున్నది. ఆయన వారం రోజులు గ్రంథాలయానికి రాలేదు. తర్వాత వచ్చి ఆమె దగ్గరే ఎండునెత్తళ్ళు కొనుక్కొని పోయేవాడు.

ఇంక చేప సంగతి.

మా తీరంలో చుక్కల సొర అనే పెద్ద చేప ఉంది. ఒళ్ళంతా తెల్లచుక్కలు. సొరల్లో దానంత పెద్దది లేదు. కానీ దాని నోట్లో చెప్పుకోదగ్గ పళ్ళు లేవు. నోరు తెరుచుకొని నీళ్ళు మింగుతూ అందులోని చిన్నాచితకా చేపల్ని వడకట్టుకొని బతుకుతుంది. నెత్తళ్ళ గుంపు వెంటపడి ఒక్కోసారి ఒడ్డు దాకా వచ్చి వలలో పడుతుంది. వెనకటికి కొయ్యపడవలకు పూసే నూనె కోసం దాని కాలేయం తీసేవాళ్ళు. ఇప్పుడు పడవలన్నీ ఫైబరువి. నూనె అక్కర లేదు. రెక్కల కోసం మాత్రం ఎక్కడి నుంచో ఒక వ్యాపారి మనుషులు వస్తారు. మిగతా ఒళ్ళంతా ఇసుకలో కుళ్ళిపోతుంది.

దాన్ని చంపడం నేరమని చట్టం ఉంది. చేపలు వేలం వేసే షెడ్డు గోడ మీద ఆ ప్రకటన ఎవరో అధికారులు వచ్చి అంటించి పోయారు. పాలెంలో దాన్ని చివరిదాకా చదివిన మనిషి ఆమె ఒక్కతే అనుకుంటాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక చుక్కల సొర వలలో పడింది. ప్రాణంతోనే ఒడ్డుకు లాగారు. మధ్యాహ్నం దాకా బతికే ఉందట. ఎక్కి ఫొటోలు దిగారట. ఆమె షెడ్డు దగ్గర ప్రకటన చూపించి నేరం అని చెబితే, అక్కడున్నవాళ్ళు ప్రకటన మీదున్న పేరు చూపించారు. అందులో ‘తిమింగలం సొర’ అని ఉంది.

“ఇది తిమింగలం సొర కాదు, చుక్కల సొర. చట్టం వేరే చేపకి” అన్నాడు ఒకడు.

“తిమింగలమా, సొరా? రెండూ ఎట్టా అవుద్ది? ఆ రాసినోడికే తెలవదు” అన్నాడు ఇంకొకడు.

“పక్కన బొమ్మేసి ఉంది గదరా!”

“బొమ్మలో మూతి ఇటు పక్కకుంది. దీని మూతి అటు పక్కకుంది.”

ఇది చెప్పేటప్పుడు ఆమె కూడా నవ్వింది. “నవ్వొచ్చింది సార్, నిజంగానే నవ్వొచ్చింది. నవ్వి చూసేలోపల గొడ్డలి పడింది” అన్నది.

తర్వాత అధికారి వచ్చాడు. చచ్చి కొట్టుకొచ్చిన చేప అని రాసుకున్నాడు. అందరూ అదే చెప్పారు. ఆమె ముందుకు పోయి, “బతికే ఉండింది. నేను చూసినా” అన్నది. “సంతకం పెడతావా?” అన్నాడు. పెట్టింది. ఇంటిపేరు, తన పేరు, తండ్రి పేరు, భర్త పేరు, అన్నీ పూర్తిగా. తర్వాత మూడుసార్లు ఆఫీసుకు పోయి అడిగింది. ఫైలు పైకి పోయిందని చెప్పారు.

“పైకి పొయిందంట సార్” అని నాతో అన్నది. “పైన ఉండేది ఎవురో నాకు తెలుసు. ఆయన చదివుంటే ఈపాటికి ఏదో ఒకటి చేసుండేవోడు. ఇది ఇంకా మధ్యలోనే యాడో ఉంది.”

ఒకటి స్పష్టంగా చెప్పాలి. ఆమెకు చేపల మీద జాలి లేదు. రోజూ గంపల కొద్దీ చేపలు చీల్చేది. బతికున్న పీత కాళ్ళు మాట్లాడుతూనే విరిచేది. నేనొకసారి మూగజీవాలూ కరుణా అని ఏదో మొదలుపెడితే మధ్యలోనే ఆపింది. “నేను చేపల్ని చంపి బతికేదాన్ని సార్. నాకా కథలు చెప్పబాకండి. తినేదానికి చంపితే చంపండి. దీన్ని ఎవురు తిన్నారు? రెక్క కోసుకొని కొండంత కూడు ఇసుకలో పారేసినారు. వద్దని రాసినోళ్ళు రారు. చదివినదాన్ని నేనుండా.”

‘చదివినదాన్ని నేనుండా’ అనే మాట నాకు అప్పుడు పూర్తిగా ఎక్కలేదు.

కొన్ని వారాల తర్వాత గ్రంథాలయానికి వచ్చి, “పెద్ద నిఘంటువు తియ్యండి, ‘ద’ కాడ” అన్నది. దురాయి అనే మాట చూపించమన్నది. చూపించాను. వేలు పెట్టి చదివింది. వెనకటి రోజుల్లో రాజు పేరు మీద పెట్టే ఆన, నిషేధం అని దాని అర్థం.

“రాజు పేరు మీదా? రాజు యాడుండాడు ఇప్పుడు?”

“లేడు.”

“రాజు పొయినా ఇది పోలేదు. మా కాపులు గంగమ్మ పేరు మీద వేస్తన్నారు.” వేలు ఆ మాట మీదే ఉంచింది. “మా నాయనమ్మ ఒకసారి వేసిందంట సార్. అన్నదమ్ములు వల కోసం కొట్టుకుంటుంటే వల మీద చెయ్యి పెట్టి దురాయి అన్నదంట. రెండు దినాలు ఆ వల ముట్టుకున్నోడు లేడంట. ఆడోళ్ళు వెయ్యకూడదని ఇందులో రాసుందా?”

“లేదు.”

“కాపులే వెయ్యాలని?”

“అదీ లేదు.”

“మొత్తం చదివినారా?”

“చదివాను.”

పుస్తకం మూసి నా చేతికిచ్చింది. ఎందుకు అడిగిందో నేను అడగలేదు.

ఆమె దురాయి వేసిన రోజు ఆదివారం. ఆమెకు మోకాలు నొప్పిగా ఉంటోందని పాత పేపర్ల కట్ట నేనే తీసుకుపోయాను. ఆరాధన అయిపోయి చర్చిలోనుంచి జనం బయటకు వస్తున్నారు. ఆమె తెల్లచీర కట్టుకొని, చేతిసంచిలో బైబిలు పెట్టుకొని నాతో మాట్లాడుతోంది. ఒడ్డు వైపు నుంచి కేకలు వినిపించాయి. అలివి వల లాగుతున్నారు. ఒడ్డున నిలబడి రెండు పక్కల నుంచీ తాళ్ళతో లాగే పెద్ద వల అది. ఆ వల ఆమె తమ్ముడిది. వల సంచిలో చుక్కల సొర ఉంది.

ఆమె సంచి నా చేతిలో పెట్టింది. మోకాలు నొప్పి మనిషి అంత వేగంగా నడవడం నేను చూడలేదు.

మేము పోయేసరికి సొర మోకాటిలోతు నీళ్ళలోకి వచ్చేసింది. పడవంత ఉంది. తోక ఆడినప్పుడల్లా నీళ్ళు మనిషెత్తు లేస్తున్నాయి. ఇద్దరు కొక్కేలు పట్టుకొని దిగారు. ఆమె చీర కొంగు నడుముకు దోపి వాళ్ళకంటే ముందు నీళ్ళలోకి పోయి, దాని తలకీ వాళ్ళకీ మధ్యన నిలబడి చెయ్యి అడ్డం చాపింది.

“దురాయి! దురాయి! దురాయి!”

రాగం లేదు. నిబంధనల బోర్డు చదివిన గొంతే.

కాపు ఒడ్డునే ఉన్నాడు. వరసకు మరిది అవుతాడు. “ఏంది వదినా? ఏమన్నావు?” అన్నాడు.

“వినపళ్ళేదా మరిదీ? ఇంకోసారి వెయ్యాల్నా?”

తాళ్ళ దగ్గరివాళ్ళు నవ్వారు. “ఆడదానివి, నువ్వు దురాయి వేసేదేందమ్మే?” అని ఒకడు అరిచాడు.

“వెయ్యకూడదని యాడ రాసుంది? చూపించు.”

“మన దురాయిలు యాడన్నా రాసుంటాయా?”

“రాయలేదు గదా! అయితే వెయ్యొచ్చు.”

కాపు నవ్వలేదు. “ఎవురి పేరు మీద వేసినావు వదినా? గంగమ్మ పేరు మీదా? ఆమెను వదిలిపెట్టి నువ్వు చర్చికి పోతివి. ఏసు పేరు మీదా? అది మా దురాయి కాదు, మేం ఒప్పుకోం.”

“నా పేరు మీద.”

చెప్పింది. ఇంటిపేరు, తన పేరు, తండ్రి పేరు, భర్త పేరు. ఆఫీసు కాగితం మీద పెట్టినట్టే, పూర్తిగా.

“నీ పేరుకి సొర ఆగుద్దా?” అని ఎవరో అన్నారు.

“సొర ఆగే పన్లేదు. మీరు ఆగాలి.”

మళ్ళీ నవ్వారు. అయితే నవ్వేవాళ్ళ చేతులు తాళ్ళ మీద లేవు. అది నేను కళ్ళారా చూశాను. ఆ మాట చెవిన పడ్డ తర్వాత, చెప్పింది ఎవరని ఆలోచించే లోపలే చేతులు వదిలేశాయి. కొక్కేలవాళ్ళు కొక్కేలు దించారు. వాళ్ళ చేతులు ఆమె మాట విన్నాయని వాళ్ళకే తెలిసి కోపం వచ్చింది. కోపం వచ్చినా మళ్ళీ తాడు పట్టుకున్నవాడు లేడు.

తమ్ముడు నీళ్ళ అంచున నిలబడి, “అక్కా, పక్కకి రా. వల నాది” అన్నాడు.

“వల నీదే. సొర నీది కాదు. కోసెయ్.”

“కొత్త వల అక్కా!”

“తెలుసు రా. కోసెయ్.”

అతను కదలలేదు. ఆమె ఒడ్డుకు వచ్చి, చేపలు కోస్తున్న ఒకామె చేతిలో కత్తి లాక్కొని, మళ్ళీ దిగి వల సంచిని పొడుగునా కోసింది. నెత్తళ్ళన్నీ పోయాయి. సొర పోలేదు. ఇసుకలో ఆనుకొని ఉంది. ఆమె రెండు చేతులూ దాని ఒంటికి ఆనించి నెట్టింది. సొర చర్మం గరుకు కాగితంలా ఉంటుంది. అరచేతులు చెక్కుకుపోయి తెల్లచీర మీద రక్తం పడింది. ఎవరూ దిగలేదు. చాలాసేపటికి తమ్ముడు దిగాడు. అక్క మొహం చూడకుండా, దాని తోక దగ్గర భుజం పెట్టాడు. పెద్ద అల ఒకటి వచ్చింది. అది తిరిగింది. పోయింది.

నేను తడి ఇసుకలో ఒక చేత్తో ఆమె సంచి, ఇంకో చేత్తో పేపర్ల కట్ట పట్టుకొని నిలబడ్డాను. నీళ్ళలోకి దిగలేదు. అదీ రాయాలి.

మర్నాడు కాపులు కూర్చొని ఆమెను వెలి వేశారు. పాలెంలో ఎవరూ ఆమెకు పచ్చిచేప అమ్మకూడదు, ఆమెతో మాట్లాడకూడదు. తమ్ముడు కూడా ఆమెతో మాట్లాడకూడదు. చట్టం ఆమె పక్షాన ఉంది. నేను పిటిషను రాసిస్తానన్నాను. సంఘం నుంచి వెలి వేయడం కూడా నేరమేనని చెప్పాను.

“అది గూడా నేరమేనా? రాసుందా?” అని ఆసక్తిగా అడిగింది. తర్వాత, “వద్దులే సార్. అది గూడా పైకి పోద్ది” అన్నది.

ఆమె చేసింది ఇది. రోజూ పొద్దున పొరుగు పాలేనికి పోయి పచ్చిచేపలు కొనుక్కొని వచ్చి, ఎప్పుడూ ఎండబెట్టే చోటనే, కాపు ఇంటికి ఎదురుగా ఉన్న ఇసుకలోనే ఎండబెట్టేది. పని మొదలుపెట్టే ముందు వేలం షెడ్డు దగ్గరకు పోయి గోడ మీది ప్రకటన మొదటినుంచి చివరిదాకా పైకి చదివేది. ఎండకి, ఉప్పుగాలికి ఆ కాగితం సగం ఊడిపోయింది. ఊడిన భాగం కంఠతా వచ్చు కాబట్టి గోడను చూసి చదివేది. మాట్లాడకూడదన్నారు గాని చదవకూడదని అనలేదు గదా అనేది.

పాస్టరుగారు మంచివారు. ఆయన ఒక రోజు నా ఎదురుగానే, “అమ్మా, ఒట్టు పెట్టకూడదని మనకు వాక్యం ఉంది గదా. ఆ దురాయి మాట వెనక్కి తీసుకో. ఇటు వాక్యం నెరవేరుతుంది, అటు వాళ్ళూ వెలి తీస్తారు” అని నచ్చజెప్పారు.

“నేను ఒట్టు పెట్టలేదు పాస్టరుగారూ. అడ్డం నిలబడ్డా. అడ్డం నిలబడకూడదని వాక్యం ఉంటే చూపించండి.”

ఆయన బైబిలు తెరవలేదు. “నీకు చూపించడం నా వల్ల కాదు తల్లీ” అని నవ్వేశారు.

కాపు కూడా కబురు పెట్టాడు. ఆయన ఇబ్బంది ఆయనది. మూడుసార్లు పలికిన దురాయి నడి ఒడ్డున అందరి చెవుల్లో పడింది. అది చెల్లదని చెబితే, తాళ్ళు వదిలేసిన చేతులకు ఏం చెప్పాలి? చెల్లుతుందని ఒప్పుకుంటే, రేపు ఇంకొక ఆడమనిషి ఇంకొక దానికి వేస్తుంది. ఆమే తీసేస్తే గొడవ లేదు. నువ్వు దురాయి తియ్యి, మేం వెలి తీస్తాం అన్నాడు.

“నాది నేను తియ్యను. మీది మీరు తియ్యబాకండి. ఏది ముందు అరుగుద్దో చూద్దాం” అని కబురు తెచ్చిన మనిషితోనే తిప్పి పంపింది.

ఏడాదిన్నర గడిచింది. ఈ మధ్యలో సొర ఒకటి పక్క పాలెం పడవలకు కనిపించిందన్నారు. ఆ పాలెం వలలో మాత్రం పడలేదు. దురాయికి పరీక్ష రాలేదు. ఆమెకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. నెల్లూరులో ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచి ఇంటికి పంపారు. చివరి వారంలో కాపు స్వయంగా వచ్చాడు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. గడప బయటే నిలబడ్డాడు. వెలి వేసిన ఇంట్లోకి వేసినవాడు రాకూడదు.

“వదినా, ఎట్టుండావు?”

“నాతో మాట్లాడినావే! తప్పు కట్టు” అన్నది. దగ్గు ఆగిన తర్వాత నవ్వింది.

“ఎగతాళి చెయ్యబాక. ఒక్క మాట అనెయ్. తీసేసినా అను చాలు. అందరం వస్తాం, నీ తమ్ముడు వస్తాడు. ఇట్టా ఒంటరిగా పోవాల్నా?”

తమ్ముడి పేరు వచ్చేసరికి ఆమె కళ్ళు గడప దాటి బయటకు పోయాయి. అతను కాస్త దూరంలో, కానుగచెట్టు కింద తల వంచుకొని కూర్చొని ఉన్నాడు. ఆమె చాలాసేపు చూసింది. తీసేస్తుందనుకున్నాను. తీసెయ్యాలనే కోరుకున్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

“మరిదీ, వాడు ఆ దినం నీళ్ళలోకి దిగినాడు. ఎవురూ దిగమనలేదు. వాణ్ణి కూర్చోబెట్టి నాకాడ బేరం ఆడతన్నావా? పో. ఎండలో నిలబడబాక.”

రెండు రోజులకు చనిపోయింది.

చచ్చినవాళ్ళకు వెలి లేదట. అందువల్ల పాలెమంతా వచ్చింది. గొయ్యి తమ్ముడు తవ్వాడు. ఇంకెవరినీ గడ్డపార ముట్టుకోనివ్వలేదు. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ కాపు ముందు వరసలో చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. అది నటన కాదు. తర్వాత కుళాయి దగ్గరకు వచ్చి ఆ ప్రశ్న అడిగాడు.

మళ్ళీ తనే అన్నాడు. “వెలి పొయింది గదా సార్. మనిషే లేనప్పుడు వెలి ఏంది? మరి దురాయి గూడా అంతే గదా?” కాస్త గొంతు తగ్గించి, “రెక్కలు కొనేవోళ్ళు ఫోన్లు చేస్తన్నారు. మావోళ్ళు ఏం చెయ్యాలని నన్ను అడగతన్నారు. నేనేం చెప్పేది?” అన్నాడు.

చుట్టూ పదిమంది చేరారు. వాళ్ళలో ఆ రోజు తాళ్ళ దగ్గర నవ్వినవాళ్ళు ఉన్నారు. గడ్డపార కడగడానికి వచ్చిన తమ్ముడు ఉన్నాడు. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. నేను ఊళ్ళో ఎవరికీ ఎదురు చెప్పిన మనిషిని కాదు. గ్రంథాలయంలో ఆమెను బయటకు పొమ్మంటే నీళ్ళు నమిలినవాణ్ణి. సొర ముందు ఆమె నిలబడితే ఒడ్డున సంచి పట్టుకొని నిలబడ్డవాణ్ణి.

“వెలి వేసింది ఎవరు?” అని అడిగాను.

“మేమే.”

“మీరున్నారు, తీసేశారు. దురాయి వేసింది ఎవరు?”

కాపు సమాధుల వైపు చూశాడు.

“వేసినవాళ్ళే తియ్యాలి. ఆమె తియ్యలేదు. ఇక తీసేదానికి ఆమె లేదు.”

“అంటే?”

“అంటే ఉంది.”

“ఎన్నాళ్ళు?”

“తీసేవాళ్ళు లేనిదానికి ఎన్నాళ్ళని ఏముంది?”

ఎవరూ నవ్వలేదు. కాపు నా వైపు తిరిగి, “పుస్తకాల్లో అట్టనే ఉందా సార్?” అన్నాడు.

“ఉంది” అన్నాను.

తమ్ముడు గడ్డపార గోడకు ఆనించి, తాళ్ళు లాగేవాళ్ళ వైపు తిరిగి, “విన్నారు గదా” అన్నాడు. ఏడాదిన్నర తర్వాత అక్క గురించి అతను నలుగురిలో మాట్లాడిన మొదటి మాట అది. కాపు తల ఊపి కుళాయి కట్టేశాడు. జనం విడిపోయారు.

ఇంటికి వచ్చి నా దగ్గరున్న పుస్తకాలన్నీ తీసి చూశాను. మొత్తం చదివాను. వేసిన మనిషి పోతే దురాయి ఏమవుతుందో ఏ పుస్తకంలోనూ లేదు. ఉందని ఆ రోజు నేను చెప్పింది అబద్ధం.

ఇప్పుడు అబద్ధం కాదు. ఇక్కడ రాశాను. ఇకమీదట ఎవరైనా యాడ రాసుందని అడిగితే ఇది చూపించవచ్చు.